కమలాకుమారి తిరుగు టికెట్టు

నందిగామ కోర్టు ఎదురుగా చంద్రమౌళి గారనే నోటరీ లాయరు ఆఫీసు ఉంది. అందులో టైపు కొట్టే ఆవిడ కమలాకుమారి. పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కి వచ్చేది, ఊళ్ళో వాళ్ళ తగాదాలన్నీ సాయంత్రం దాకా టైపు కొట్టేది, కంప్యూటరు ఆపి, క్యారేజీ సంచి భుజానేసుకుని మళ్ళీ బస్సెక్కేది. బస్సు టైముకి నడిస్తే ఇంటిదాకా బస్సులోనే వెళ్ళేది. మన బస్సులు టైముకి నడవడం ఎంత అబ్బురమో మీకు తెలుసుగా! అందుకని చాలా రోజులు చిల్లకల్లు దగ్గరకొచ్చేసరికి పొద్దుగూకేది, ఆమె సీటు ఖాళీ అయిపోయేది. కండక్టరు వెంటనే నిలబడ్డ ముసలమ్మనెవర్నో పిలిచి అందులో కూచోబెట్టేవాడు.

దీపాలు పెట్టే వేళకి కమలాకుమారి ఎక్కడున్నా సరే, ఇంట్లో ఉండేది. చిన్నప్పటినుంచీ అంతే. పెళ్ళికి ముందు వత్సవాయిలో పుట్టింట్లో, పెళ్ళయ్యాక జగ్గయ్యపేటలో థామస్ ఇంట్లో. ఆ వేళకి ఆమె వైపు తేరిపార చూడటం మర్యాద కాదని అందరూ ఇటో అటో చూసేవాళ్ళు. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కాని రోజుల్లో మాత్రం, ఆమె దగ్గర చిల్లకల్లు దాకానే డబ్బులు తీసుకోవాలని కొందరు, పేట దాకా తీసుకోవాలని కొందరు వాదించుకునేవాళ్ళు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

మొగుడు థామస్ ఓడల్లో వంటవాడు. "నిన్ను ఊటీ తీసుకెళ్తే ఏం లాభమే, రాత్రికి నేనొక్కణ్ణే చలికి చావాలి" అని ఏడిపించేవాడు. పదేళ్ళ కిందట అతని ఓడ రోమ్ దగ్గర ఒక రేవులో ఆగినప్పుడు గుండె పట్టుకుని పడిపోయాడు. శవాన్ని పంపాలంటే నెలలు పడుతుంది, ఇక్కడే పూడ్చెయ్యమంటారా అని ఓడవాళ్ళు ఫోనులో అడిగితే, ఏడుపులో సరే అంది. ఆ సరే అన్నందుకు పదేళ్ళుగా తన నోటిని తనే తిట్టుకుంటూ ఉంది.

ఏటా నవంబరులో సమాధుల పండగ వస్తుంది. ఊళ్ళో క్రైస్తవులందరూ తమ వాళ్ళ సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కమలాకుమారికి సున్నం వెయ్యడానికి సమాధి లేదు. ఎవరో ఒకరి దగ్గర కుంచె అడిగి పుచ్చుకుని, వాళ్ళ తాతకో మేనత్తకో ఒక మూల పూసి వచ్చేది. జాలిపడి ఇచ్చేవాళ్ళు. ఆ జాలి అంటే ఆమెకి ఒళ్ళుమంట.

ఈ ఏడు ఎండాకాలంలో ఆ రేవు ఊరి నుంచి ఒక మలయాళీ ఫాదర్ ఫోను చేశాడు. కమలాకుమారిది బటన్ల ఫోను, ఇంగ్లీషూ అంతంతమాత్రం. అందుకని పేట బస్టాండు పక్కన నెట్ సెంటరు నడిపే సర్ఫరాజ్ నంబరే అందరికీ ఇచ్చి ఉంచింది. సర్ఫరాజ్ ఫాదర్ చెప్పిందంతా విని, ఆమెని పిలిపించి, కుర్చీ జరిపి కూచోమన్నాడు.

"అక్కా, అక్కడ దిక్కులేనోళ్ళకి పదేళ్ళే ఇస్తారంట స్థలం. ఈ చలికాలం తవ్వేస్తారంట. ఎముకలన్నీ తీసి, అందరియ్యీ ఒకే గదిలో పోస్తారంట."

"అందరియ్యీ కలిపా?"

"కలిపే."

కమలాకుమారి లేచి నిలబడింది. "నేను వెళ్ళాలి సర్ఫరాజూ. ఒక్కసారి నా చేత్తో సున్నం వెయ్యాలి. తర్వాత ఏం చేసుకుంటారో చేసుకోనీ" అంది.

సర్ఫరాజ్ లెక్కలు కట్టాడు. పేటలో దీపాలు పెట్టాక కారెక్కితే శంషాబాదులో అర్ధరాత్రి దాటాక ఉండే విమానం దొరుకుతుంది. తెల్లారి అక్కడ దిగుతుంది. మనకి పొద్దుగూకేసరికి వాళ్ళకి మధ్యాహ్నం భోజనాల వేళ. అంటే పొద్దుటిపూటంతా ఆమెదే. చాలు కదా!

వీసా అప్లికేషన్ నింపడానికి కూచున్నారు. ఎందుకు వస్తున్నారు అన్న చోట టూరిజం అని పెట్టాడు. సమాధి చూడ్డానికి వేరే గడి లేదు. ఎక్కడ బస చేస్తారు అన్నచోట ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బస ఏముంది, సాయంత్రానికి ఇంట్లో ఉంటాగా" అంది కమలాకుమారి.

"అదే రాద్దాం. తిరుగు టికెట్టు కూడా అక్కర్లేదు, దండగ."

అలాగే రాశారు. హోటలు లేదు, తిరుగు టికెట్టు లేదు, దరఖాస్తుదారు చీకటిపడేలోగా స్వగృహానికి చేరుకుంటారు అని శుభ్రంగా రాసి పంపారు. చదివిన దొర ఏమనుకున్నాడో మనకి తెలీదు. పాస్‌పోర్టు వెనక్కొచ్చింది. దానితోపాటు ఒక కాగితం. వీసా గడువు ముగిసేలోగా మీరు స్వదేశానికి తిరిగి వెళ్తారన్న నమ్మకం మాకు కలగలేదు అని అందులో ఉంది.

ఊరు ఊరంతా భగ్గుమంది. "కమలాకుమారి తిరిగి రాదా? బుద్ధుందా వాళ్ళకి!" అని కండక్టరు బస్సులోనే అరిచాడు. "లోకంలో అందరూ ఎక్కడెక్కడో ఉండిపోతారు, ఈవిడొక్కతే ఉండలేదు, ఈవిడకా ఆ మాట!"

చంద్రమౌళి గారికి పౌరుషం వచ్చింది. "అమ్మాయ్, కూచో. టైపు కొట్టు" అన్నాడు. తన అఫిడవిట్టు తనే టైపు కొట్టుకుంది కమలాకుమారి. పుట్టినప్పటినుంచీ దీపాల వేళకి ఒక్క రోజు కూడా బయట ఉండలేదని, ఉండటం తనవల్ల కాదని. కండక్టరు సాక్షి సంతకం పెట్టాడు, చర్చి ఫాదర్ పెట్టాడు, పాలమ్మాయి పెట్టింది. చంద్రమౌళి గారు గుండ్రటి స్టాంపు గట్టిగా గుద్ది మరీ పంపించాడు.

అదీ వెనక్కొచ్చింది. పాత వాక్యం కింద ఇంకోటి చేరింది. మీరు సమర్పించిన సమాచారం నమ్మదగినదిగా లేదు.

చంద్రమౌళి గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు. "ఇన్నేళ్ళలో ఈ బల్లమీదినుంచి ఎన్ని దొంగ అఫిడవిట్లు వెళ్ళాయో నీకు తెలుసు, టైపు కొట్టినదానివి. ఒక్కటి వెనక్కి రాలేదు. నిజం రాస్తే వచ్చింది చూశావా" అన్నాడు. ఆ రోజు ఆయన ఎవరికీ స్టాంపు వెయ్యలేదు.

"అక్కా, నా మాట విను," అన్నాడు సర్ఫరాజ్. "నిజం మనకి అచ్చిరాలా. అబద్ధం పెడదాం."

అబద్ధం భేషుగ్గా కుదిరింది. పదిరోజుల హోటలు, రానుపోను టికెట్లు, రోమ్‌లో రెండు రోజులు, వెనిస్‌లో పడవ షికారు, పాత కోటలు చూడాలని చిన్నప్పటినుంచీ ఆశ అని ఒక ఉత్తరం. ఆమె చేతి గాజులు బ్యాంకులోకి వెళ్ళాయి, ఖాతాలో డబ్బు నిండుగా కనబడింది. వీసా వచ్చేసింది. రంగురంగుల స్టిక్కరు, మీద ఆమె బొమ్మ. నెట్ సెంటర్లో అందరూ చేతులు మార్చుకుని చూశారు. ఒక్క కమలాకుమారికే సంతోషం లేదు. "ఏరా, నేను పడవెక్కుతానంటే నమ్మారు గానీ మొగుడి దగ్గరికి పోయొస్తానంటే నమ్మలేదా" అంది.

సమాధుల పండగ నాటికి అక్కడ దిగేలా టికెట్టు తీశారు. ఏమేం తీసుకెళ్ళకూడదో సర్ఫరాజ్ పదేపదే చెప్పాడు. పచ్చళ్ళు వద్దన్నాడు, పొడులు వద్దన్నాడు. పొడులంటే కారప్పొడి, కందిపొడి అనుకుంది కమలాకుమారి. అవేవీ పెట్టుకోలేదు. సున్నం ఒక్కటే, మెత్తగా జల్లించి, రెండు ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా మూటకట్టి, చీర మడతల మధ్య పెట్టుకుంది. పక్కనే కొత్త కుంచె.

రోమ్‌లో విమానం దిగింది. పాస్‌పోర్టు మీద స్టాంపు పడింది. ఎన్నాళ్ళుంటారంటే పది రోజులంది, ఏం చూస్తారంటే పడవంది. చూశారా, అబద్ధమాడినంతసేపూ ఎవరూ ఆపలేదు. తర్వాత ఒక కుక్క వచ్చి ఆమె సంచి దగ్గర ఆగింది.

తెల్లపొడి. రెండు కవర్లలో మూటకట్టిన తెల్లపొడి, అదీ బట్టల మధ్యన దాచింది. ఆమెని ఒక గదిలోకి తీసుకెళ్ళారు. ఇదేంటని అడిగారు. సున్నాన్ని ఇంగ్లీషులో ఏమంటారో సర్ఫరాజ్ ఎప్పుడో చెప్పాడు, గుర్తుతెచ్చుకుని, "లైమ్" అంది. వాళ్ళు నిమ్మకాయ అనుకున్నారు. వేలికి రాసుకుని వాసన చూశారు. ఎవరికోసం అన్నారు. "ఫర్ మై హస్బెండ్" అంది. హస్బెండ్ ఎక్కడున్నాడన్నారు. కమలాకుమారి వేలితో నేల చూపించింది. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, పొడిని పరీక్షకి పంపించారు.

గోడమీద గడియారం ఉంది. కమలాకుమారి దానివైపే చూస్తూ కూచుంది. "సార్, టైమ్ లేదు సార్. ఈవినింగ్ అయిపోద్ది" అంది. ఇంకా పొద్దున్నే కదమ్మా అన్నట్టు చెయ్యి ఊపాడు ఒకడు. కాఫీ కూడా ఇచ్చారు, మర్యాదస్తులే. ఎంతోసేపటికి ఒక అమ్మాయి నవ్వుకుంటూ వచ్చి, అది గోడలకేసే సున్నమేనని చెప్పి, మూట తిరిగిచ్చి, సారీ మేడమ్ అంది.

కమలాకుమారి పరిగెత్తింది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, సర్ఫరాజ్ కాగితంమీద గీసిచ్చిన గుర్తులు చూసుకుంటూ రైలెక్కింది. కిటికీలోంచి సముద్రం కనబడింది. థామస్ ఓడ తిరిగిన సముద్రం అదే కాబోలు అనుకుంది. ఎదుటి సీటు పెద్దాయన్ని రేవు ఊరి పేరు చెప్పి అడిగితే, వచ్చే స్టేషనే అని సైగ చేశాడు. ఆమె లేచి తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది.

ఇక్కడ పేటలో పొద్దుగూకింది.

స్వెట్టరుతో, చేతిలో సున్నం మూటతో తన ఇంటి వసారాలో నిలబడి ఉంది కమలాకుమారి. సమాధుల తోటలోంచి పాటలు వినిపిస్తున్నాయి. జనమంతా కొవ్వొత్తులతో అటే వెళ్తున్నారు. ఎవరో, "అక్కా, వేసొచ్చావా?" అని కేకేశారు. ఆమె లోపలికెళ్ళి తలుపేసుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు సర్ఫరాజ్ పాస్‌పోర్టు తిరగేసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "వెళ్ళినట్టు స్టాంపుంది అక్కా. వచ్చినట్టు లేదు."

"ఇక్కడే ఉన్నాగా."

"వాళ్ళ లెక్కలో అక్కడే ఉన్నావు."

వీసా గడువు దాటిపోయింది. ఓ నెలకి ఢిల్లీనుంచి విజయవాడకి, విజయవాడనుంచి పేట స్టేషనుకి ఒక కాగితం దిగింది. ఈ స్త్రీ ఆ దేశంలో ప్రవేశించి తిరిగి రాలేదు, విచారించి తెలపండి అని. కాగితం పట్టుకుని వచ్చింది కానిస్టేబుల్ డేవిడ్‌రాజు. థామస్‌తో కలిసి చదువుకున్నవాడే. వసారాలో కుర్చీ వేసుకుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వదినా, ఇదేం ఖర్మ. ఉన్నావని రాస్తే, స్టాంపు లేకుండా ఎట్టా వచ్చావని కేసు. లేవని రాస్తే, అక్కడ దొంగచాటుగా ఉన్నావని కేసు. ఏం రాయను?"

"ఏది రాస్తే మళ్ళీ వీసా ఇస్తారు?"

"ఏది రాసినా ఇవ్వరు. ఏళ్ళు పడుద్దంట."

"సోమవారం తవ్వుతున్నారు మరిదీ. ఫాదర్ ఫోన్ చేశాడు."

కమలాకుమారి అతని చేతిలో కాగితం తీసుకుని, టైపు కొట్టేదాని అలవాటు కొద్దీ పైనుంచి కిందకి చదివింది. ప్రస్తుత నివాసం అన్న గడి దగ్గర ఆగింది. ఆమెకి కోపం వచ్చింది. జీవితమంతా వేళకి ఇల్లు చేరిన మనిషి, ఆ ఇల్లే ఆమెని రైల్లోంచి దింపుకుని తీసుకొచ్చింది. ఒక్క పూట, ఒక్క గంట ఆగితే ఏం పోయేది?

"అక్కడే ఉన్నానని రాయి" అంది.

"వదినా!"

"వాళ్ళు ఉన్నానంటున్నారుగా. వాళ్ళదే నిజం. ఇంక ఇల్లు అదే. రాయి." ఆ రేవు ఊళ్ళో థామస్ ఉన్న సమాధుల తోట అడ్రసు, వీధి, వరస, రాయి నంబరుతో సహా అప్పజెప్పింది. పదేళ్ళుగా కంఠతా వచ్చిన అడ్రసు.

"అక్కడున్నావని నువ్విక్కడ సంతకం పెడితే ఎట్టా?"

"అక్కడినుంచే పెట్టాననుకో."

డేవిడ్‌రాజుకి ఆ కాగితమ్మీద రోత పుట్టింది. చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఆమె కింద సంతకం పెట్టింది. పొద్దుగూకుతోంది, చుట్టుపక్కల ఇళ్ళల్లో లైట్లు వెలుగుతున్నాయి. ఆ వేళకి ఆమె వైపు చూడటం మర్యాద కాదు కాబట్టి, ఇంట్లోనే ఉంది కదా అని తెలిసినా, అతను వీధివైపు తిరిగాడు. మళ్ళీ తిరిగి చూస్తే ఆమె కూచున్న కుర్చీ ఖాళీ. టోపీ పెట్టుకుని, తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు.

నెట్ సెంటర్లో సర్ఫరాజ్ ఫోను మోగింది. మలయాళీ ఫాదర్. గొంతు కంగారుగా ఉంది.

"మీ కమలాకుమారి గారు ఇక్కడున్నారు. థామస్ సమాధి దగ్గర కూచుని కొంగుతో రాయి తుడుస్తున్నారు. లెమ్మంటే లేవడం లేదు. కాపలావాడు పోలీసుల్ని పిలిచాడు. వీసా ఉందా అని అడుగుతున్నారు, ఏం చెప్పను?"

"వీసా లేదు ఫాదర్. సోమవారం తవ్వడం ఆపుతారా, అడగండి."

"అడిగాను. ఆపరు. గొయ్యి పూడ్చి ఇంకెవరికో ఇస్తారట." ఫాదర్ ఎవరితోనో ఏదో మాట్లాడి మళ్ళీ లైన్లోకొచ్చాడు. "ఈమెని రేపు పొద్దున్నే విమానం ఎక్కించి ఇండియా పంపించేస్తామంటున్నారు."

"ఎక్కించనీండి ఫాదర్," అన్నాడు సర్ఫరాజ్ కళ్ళు తుడుచుకుంటూ. "ఎన్నిసార్లు ఎక్కిస్తారో ఎక్కించనీండి. దీపాల వేళకి మళ్ళీ అక్కడికే, ఇంటికొచ్చేసిద్ది."