ఇద్దరి క్యారేజీ

నేను ఒక స్టీలు క్యారేజీని. మూడు గిన్నెలు, ఒక పిడి. నన్నెక్కడ చేశారో గుర్తులేదు గాని, కాకినాడలో కొట్టువాడు నా మూత మీద పేరు చెక్కుతుంటే ఒళ్లంతా అదిరిన సంగతి గుర్తుంది. పెళ్లిలో చదివించినవాళ్ల పేరది. మనుషులు ఇచ్చినవాళ్ల పేరే చెక్కిస్తారు, తినేవాళ్ల పేరు ఎవరూ చెక్కించరు.

పెళ్లికూతురు వరలక్ష్మి నన్ను అటకెక్కించింది. భర్త తాతారావుకి ఊళ్లో పేరున్న పెద్ద బడిలో లాబ్ అటెండరు పని దొరికి, కూతురు కుసుమకి అక్కడే ఒకటో తరగతిలో సీటొచ్చాక కిందికి దించింది. పై గిన్నెలో కూర, మధ్యది కుసుమకి, అడుగుది తాతారావుకి. పదేళ్లు లాబ్ వెనక మెట్ల మీద తండ్రీకూతుళ్లు కలిసి తిన్నారు. గుడ్డు ఒక్కటే ఉన్న రోజు పచ్చసొన ఆ పిల్లది, తెల్లది ఆయనది.

ఆ బడిలో పదకొండో తరగతి చదవాలంటే పదిలో తొంభై శాతం రావాలి. కుసుమకి ఎనభై నాలుగు వచ్చాయి. సీట్లొచ్చినవాళ్ల జాబితాని నోటీసు బోర్డుకి అంటించింది తాతారావే. జిగురు సీసా పట్టుకుని మూడుసార్లు చదివాడట.

"మేడమ్‌ని అడగొద్దు నాన్నా," అంది కుసుమ. "మార్కులు తగ్గింది నాకు. నువ్వెందుకు చేతులు కట్టుకోవడం?"

మర్నాడు మధ్యాహ్నం తాతారావు తినకుండానే ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. నన్ను కింద పెట్టాలని కూడా తోచలేదు.

"కుసుమ మంచి పిల్ల, తాతారావూ. కానీ నీ కోసం రూలు మారిస్తే రేపు అందరి కోసమూ మార్చాలి," అందావిడ నెమ్మదిగానే.

"చిత్తం మేడమ్."

ఇంటికెళ్లి, "నేనేం అడగలేదమ్మా," అన్నాడు.

కుసుమ గవర్నమెంటు కాలేజీలో చేరింది. బడి తెరిచిన రోజు వరలక్ష్మి అలవాటుగా మూడు గిన్నెలూ నింపేసింది. తాతారావు మధ్య గిన్నె చూసి, అన్నీ మళ్లీ మూసేశాడు. మర్నాటి నుంచి అది ఖాళీగా వచ్చేది. రెండు గిన్నెలతో నా పిడి బిగవదు మరి.

ఆగస్టులో ఒక శనివారం, కాలేజీ ఒంటిపూటే ఉండి, కుసుమ బడి గేటు దగ్గరికొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఎరిగిన వాచ్‌మన్ తల దించుకుని, "లోపలికి పాస్ కావాలమ్మా," అన్నాడు. తాతారావే నన్ను తీసుకుని బయటికొచ్చాడు. రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చున్నారు.

"మేడమ్‌ని అడిగావు కదా నాన్నా?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "అడిగాను."

"కాదంటే ఏమన్నావు?"

"చిత్తం అన్నాను."

కుసుమ ఒక ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టింది. లోపల గంట మోగింది.

"వెళ్లు నాన్నా. ఆలస్యమైతే ఆవిడ ఏమైనా అంటుంది."

పిడి విరిగి ఇప్పుడు పాత సామాన్ల కొట్లో పడున్నాను. ఎన్నో పూటలు మోశాను గాని, ఆ పూటే నన్ను వదలదు. ఒక మనిషి అన్నం ఇద్దరు తిన్నారు. అయినా మిగిలింది.