సముద్రం అడుగున పోపు

నేను గీసిన ఇల్లు గెలుస్తుందని నాకు ముందే తెలుసు. జడ్జి వీరరాఘవరావు గారికే ఇంకా తెలియదు. సముద్రం అడుగున, పైనుంచి ఏదీ అడగకుండా బతికే ఇల్లది. కూరగాయలు లోపలే పండుతాయి. తొట్లలో పెంచే పచ్చటి నాచు ఊపిరికి గాలినిస్తుంది. వాడిన గాలి బొగ్గు పెట్టెలోంచి వెళ్లి శుభ్రపడి తిరిగొస్తుంది. పోటీలో నెగ్గిన ఇంటిని విశాఖ తీరంలో నిజంగానే కడతారు.

చిక్కడపల్లిలో సముద్రం ఎక్కడిది? మా మేడమీది గదినే చీమ దూరకుండా మూసేసి, నాచు తొట్లు, బొగ్గు పెట్టె, గాలి చెడితే మోగే అలారం అమర్చాను. పరీక్షేమిటంటే, జడ్జి గారు సాయంత్రం వచ్చేదాకా ఇద్దరు లోపల ఉండాలి, మధ్యలో తలుపు తెరిస్తే ఓడినట్టే. రెండో మనిషిగా మా అమ్మ యశోదమ్మ వచ్చింది.

మధ్యాహ్నానికి అమ్మ బ్రెడ్ ప్యాకెట్ పక్కకు నెట్టేసింది. "గివి తిని ఉండుడు నాతోని కాదు బిడ్డా" అని కరెంటు పొయ్యి మీద పప్పు వండింది. ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పోపు పెట్టింది. గది నిండా ఘాటు. అలారం మోగింది.

ఇద్దరి ఊపిరికి లెక్క కట్టాను గానీ పోపుకు కట్టలేదు! చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టు, ప్రపంచంలోని పుస్తకాలన్నీ తిరగేశాను, మా వంటింటిని మరిచాను.

"జ్యోత్స్నా, తలుపు తియ్! ఆంటీ పరేషాన్ అయితున్నది!" అని నా స్నేహితుడు అభిజిత్ బయటినుంచి తలుపు అద్దం బాదుతున్నాడు.

అమ్మ దగ్గు చూసి నాకు నిజంగానే భయమేసింది. గడియ మీద చెయ్యి వేశాను.

"తియ్యకు!" అన్నది అమ్మ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "పోపుకే తలుపు తీస్తే రేపు సముద్రంల ఏం జేస్తవ్?"

అంతే, వాడిన గాలిని బొగ్గు పెట్టెలోకి లాగేందుకు మంచం దగ్గర పెట్టిన గొట్టాన్ని పీకి పొయ్యి మీదికి తిప్పాను. ఘాటు నేరుగా బొగ్గు పెట్టెలోకి పోయింది. కాసేపటికి అలారం నోరు మూసుకుంది.

సాయంత్రం వీరరాఘవరావు గారు వచ్చారు. అభిజిత్ అంతా చెప్పాడు. ఆయన అద్దంలోంచి మా ఎర్రటి కళ్లను చూశారు.

"పోపు పెట్టకూడదని ఒక నియమం రాస్తే సరిపోయేది కదమ్మా?"

"పోపు లేని ఇంట్ల మనోళ్లు ఎన్ని రోజులుంటరు సార్? రెండో పూటకే ఈదుకుంట పైకొస్తరు. అనుమానముంటే మీరే లోపలికి రండి" అన్నాను నేను.

వచ్చారు. తలుపు మళ్లీ మూసేశాను.

"అమ్మా, ఇంకో పోపు. ఈసారి మిర్చి ఎక్కువెయ్."

ఆయన జేబురుమాలు తీసి ముక్కుకు పెట్టుకున్నారు. మిర్చి చిటపటలాడింది. పొగ గొట్టంలోకి పోయింది, అలారం కిక్కురుమనలేదు. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, పప్పన్నం పెట్టమని అమ్మనడిగారు.

రెండో ముద్ద కలుపుతూ, "విశాఖకు ఎప్పుడు బయల్దేరుతారమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది.

"పోపుల డబ్బా సర్దుకున్నంక, సార్."