మా అక్క చేసింది

ఓవెన్ తలుపు సందులోంచి వచ్చే వాసనే అతనికి గడియారం. మొదట వెన్న, తర్వాత గుడ్డు పచ్చివాసన, ఆ తర్వాత అంచుల్లో పంచదార మాడబోయే ముందు వచ్చే చిన్న ఘాటు. ఆ ఘాటు ముక్కుకి తగలగానే పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి కేకు గిన్నె బయటికి లాగాడు. తువ్వాలు జారి మణికట్టు చురుక్కుమంది. అక్కడున్న పాత మచ్చల పక్కన ఇంకొకటి చేరింది.

"మాడిందా?" పక్కగదిలోంచి అక్క అడిగింది.

"నువ్వు వండినప్పుడే మాడేది."

అక్క నవ్వబోయి దగ్గింది. ఇరవై తొమ్మిదేళ్ళు నూలు మిల్లులో పనిచేసిన మనిషి. మిల్లులో దూది ధూళి ఆమె ఊపిరితిత్తుల్లోనే మిగిలిపోయింది. అమ్మ పోయినప్పుడు ఆమెకి పద్దెనిమిది, అతనికి పదకొండు. ఆమె మిల్లుకి వెళ్ళింది, అతను బడి మానేసి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. ఆ పంపకం ఎవరూ చెయ్యలేదు, అలా జరిగిపోయింది.

మంచం మీద కూర్చోబెట్టి వీపు వెనక దిండు సర్దుతుంటే అతని చొక్కా పట్టుకుంది.

"ఒరేయ్, ఇవ్వాళైనా చెప్పరా."

"ఏం చెప్పాలి?"

"కేకు నువ్వే చేస్తున్నావని. ఆరేళ్ళ నుంచీ మీ ఆఫీసు దీవెనలన్నీ నాకే వస్తున్నాయి. నీళ్ళు కాచడం తప్ప నాకేం వచ్చు? రేపు పైకి పోయాక అక్కడ కేకు చెయ్యమంటే నా బతుకేం కాను?"

"చెప్తాలే."

"లే వద్దు. చెప్తాను అను."

"చెప్తాను."

ఆఫీసులో అతని పని, వచ్చిన ప్రతి ఉత్తరం మీదా తేదీ ముద్ర కొట్టడం. అటెండరుగా చేరి ఆ ముద్ర దాకా వచ్చాడు, అక్కడే ఆగిపోయాడు. ఉత్తరాల్లో ఏముంటుందో అతనికి అక్కర్లేదు. అతనిలో ఏముందో ఆ గదిలో ఎవరికీ అక్కర్లేదు. ముద్రల బాబాయి అంటే చాలు, పలుకుతాడు.

ఆరేళ్ళ కిందట పెద్ద గుమస్తాకీ రికార్డుల ఆవిడకీ కిటికీ పక్క కుర్చీ గురించి చెడింది. మాటల్లేవు. ఎదురెదురుగా కూర్చుని ఫైళ్ళు మూడో మనిషి చేత పంపుకునేవాళ్ళు. గదంతా రెండు ముక్కలై, నెలల తరబడి గోడలకేసి తిరిగి అన్నాలు తిన్నారు. ఆ మౌనంలో ముద్ర చప్పుడొక్కటే, తన చప్పుడు తనకే వెగటుగా ఉండేది. ఒక సోమవారం కేకు చేసి పట్టుకెళ్ళాడు. ప్లేటు ఒక్కటే దొరికింది. ఆఖరి ముక్క దగ్గర ఇద్దరి చేతులూ తగిలాయి. "మీరు తీసుకోండి" అంది రికార్డుల ఆవిడ. అంతే. అప్పుడు పెద్ద గుమస్తా అడిగాడు, ఎవరు చేశారని. మగాడు వంటింట్లో దూరడం మీద ఆయన వేసే జోకులు అతనికి కంఠతా వచ్చు.

"మా అక్క చేసింది" అని నోరు జారాడు. అలా జారిన మాట, ప్రతి సోమవారం కేకుతోపాటు ఆరేళ్ళు నిలబడింది.

ఇవాళ నాలుగింటికి తొమ్మిది ముక్కలు కోశాడు. పెద్ద గుమస్తా కళ్ళు మూసుకుని నమిలాడు.

"అక్కయ్యగారి చెయ్యి చెయ్యేనయ్యా!"

అతను ముక్కలు కోసిన కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"అక్క కాదండీ. నేనే చేస్తాను. మొదట్నుంచీ నేనే."

ఒక్క క్షణం ఎవరూ నమల్లేదు. పెద్ద గుమస్తా నోట్లోంచి పొడి రాలేలా నవ్వాడు.

"ముద్రల బాబాయి కూడా జోకులేస్తాడర్రా!"

"అయితే ఎలా చేశారో చెప్పండి బాబాయ్" అంది టైపిస్టు అమ్మాయి.

"వెన్న మెత్తబడ్డాక పంచదార వేసి, తెల్లబడేదాకా ఒకే వైపుకి గిలక్కొట్టాలి. తర్వాత గుడ్లు, ఒక్కొక్కటే..."

"పాపం, ఆవిడ చేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాడు" అంది రికార్డుల ఆవిడ ముద్దుగా.

చొక్కా చెయ్యి పైకి మడిస్తే మచ్చలు కనిపించేవి. మడవలేదు. సాక్ష్యం చూపించి నమ్మించుకోవాల్సినంత గొప్ప సంగతేం కాదనుకున్నాడు. బల్ల దగ్గరికి పోయి మిగిలిన ఉత్తరాల మీద ముద్రలు కొట్టాడు.

వెళ్ళబోతుంటే టైపిస్టు అమ్మాయి ఒక పొట్లం చేతిలో పెట్టింది. "అక్కయ్యగారికి. అందరం కలిసి తెచ్చాం. మీరు విప్పకండేం."

బస్సులో నిలబడి, అక్కకి ఎలా చెప్పాలో కూర్చుకున్నాడు. ముందు లేపి కూర్చోబెట్టాలి, లేకపోతే నవ్వొచ్చి దగ్గు తెరలు కడుతుంది. పెద్ద గుమస్తా గొంతుతో చెప్పాలి. జోకులేస్తాడర్రా, అని.

అక్కకి తోడుండే పక్కింటి పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది.

"మధ్యాహ్నం మంచినీళ్ళు తాగి పడుకుంది నాయనా. ఇప్పుడే టీ ఇద్దామని లేపాను. లేవలేదు. నీకు ఫోన్ చేద్దామని ఇటొచ్చేసరికి నువ్వే..."

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. అక్క చెయ్యి ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

"చెప్పానే అక్కా" అన్నాడు. "నమ్మలేదు."

మర్నాడు ఆఫీసంతా వచ్చింది. పెద్ద గుమస్తా నిజంగానే ఏడ్చాడు. అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "అలాంటి చెయ్యి మాకిక ఎక్కడ దొరుకుతుందయ్యా" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ చేతులే పట్టుకుని ఆ మాటే అన్నారు. అతను తలూపాడు.

సోమవారాలు వస్తున్నాయి. నాలుగింటికి గదిలో ఒక్కసారి కుర్చీలు కిర్రుమంటాయి, మళ్ళీ సర్దుకుంటాయి. అతను చెయ్యగలడు. చేసి పట్టుకెళ్తే, ఎవరు చేశారని అడుగుతారు. ఈసారి నమ్ముతారు. నమ్మిన మరుక్షణం, ఆ గదిలోవాళ్ళు ఎవరి కోసం ఏడ్చారో ఆ అక్క లేకుండా పోతుంది. అందుకని ముద్రలు కొట్టుకుంటూ ఉంటాడు.

చాలా రోజులకి పొట్లం విప్పాడు. వేడి గిన్నెలు పట్టుకునే మందపాటి చేతి తొడుగులు, నీలం పువ్వులవి. "అక్కయ్యగారి చేతులు కాలకూడదని" అంటూ చీటీ, కింద ఎనిమిది సంతకాలు. తొడుక్కోబోతే బొటనవేలి కణుపు దగ్గరే ఆగిపోయాయి. ఆడవాళ్ళ కొలత. ఓవెన్ పిడికి తగిలించాడు. మసి మరక ఒక్కటి కూడా లేకుండా, లోపల చేతులున్నట్టే కాస్త ఉబ్బి, ఇప్పటికీ అక్కడే వేలాడుతున్నాయి ఆ తొడుగులు.