రెండో సీసా

ఆ పరిశోధనశాలలో ఈగలకు వండిపెట్టే మనిషిని అందరూ వంటమ్మ అనేవారు. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు ఉడికించి సీసాల అడుగున పోయడం, రెండు వారాలకొకసారి పండ్ల ఈగలను కొత్త సీసాల్లోకి మార్చడం ఆమె పని. ఈగలో దొరికిన లోపం మనిషి జబ్బుకు జాడ చెబుతుంది గనుక ఆ పనికి విలువ ఉంది. ఆమెకు లేదు. పాఠకులారా, ఈ రెండింటినీ విడదీయడం మనకెంత సులువో గమనించండి.

సీసాను బల్లమీద తడితే ఈగలు పైకి పాకుతాయి. కొన్ని తూలి పడిపోతున్నాయని మొదట చూసింది ఆమే. పదేళ్లుగా అన్నయ్య చేతుల వణుకు చూస్తున్న కళ్లవి. వాటిని ఏరి, జతకట్టించి, ఏడు తరాలు వేరుగా పెంచింది. ఆ ఈగలమీద ప్రొఫెసరు రాసిన వ్యాసం అచ్చయింది. అందులో ఆమె పేరు లేదు.

అడిగితే, "వండినవాళ్ల పేరు కంచం మీద రాస్తారా వంటమ్మా?" అని నవ్వాడు.

ఆ నవ్వు ఆమెలో నివురుగప్పిన నిప్పయింది.

ఒక ఉదయం తనిఖీకి వచ్చిన వృద్ధ శాస్త్రవేత్త, "వ్యాసంలో రాసిన ఆ తూలే ఈగలను ఏరి చూపించండి" అంది. ప్రొఫెసరు అలవాటుగా వంటమ్మ వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుంది.

"మీరే చూపించండి సార్. పిండి ఉడకబెట్టేదాన్ని, నాకేం తెలుస్తుంది?"

ఈగలు మత్తులో పడేందుకు అతడు సీసాలో ఈథరు దూది పెట్టాడు. ఎప్పుడు తీయాలో ఆమెకు తెలుసు. చెప్పలేదు. పలకమీద ఒంపేసరికి ఈగలన్నిటికీ రెక్కలు విచ్చుకుని నిలబడ్డాయి.

"చచ్చినవాటికే అలా నిలబడతాయి. ఇంకో సీసా ఉందా?" అంది పెద్దావిడ.

"ఇదొక్కటే" అన్నాడతడు, పాలిపోయి.

ఆ మాట ఆమెకు తియ్యగానే తగిలింది. కానీ పలకమీద పడి ఉన్నవి అతడి ఈగలు కావు. తను పెంచినవి. పగకు తన పనినే బలిపెట్టానని తెలిసి ఆమె తలదించుకుంది. అయినా పగ చల్లారలేదు, దారి మార్చుకుంది.

ప్రతి వంశానికీ రెండో సీసాను పక్కగదిలో దాచడం ఆమె అలవాటు. అది తెచ్చి బల్లమీద పెట్టింది, చెయ్యి తీయలేదు.

"ఏరి చూపిస్తాను. ముందు దీనిమీద నా పేరు రాయండి సార్."

అతడు కలం తీశాడు. పద్దెనిమిదేళ్లుగా పిలిచిన పిలుపు తప్ప అతడికి మరేమీ తెలియదు. కలం గాలిలోనే ఆగిపోయింది. ఆమె అతణ్ని అలాగే చాలాసేపు నిలబెట్టి, ఆ తర్వాత అక్షరం అక్షరం పలికింది. అతడు రాశాడు.

"సవరణ వేయించి వ్యాసంలోనూ ఇదే రాయండి" అంది పెద్దావిడ. "పనిచేసిన చేతికి పేరు దక్కనిచోట జరిగేది పరిశోధన కాదు, దొంగతనం."