సావుకారి చెయ్యి ఎన్ని అంగుళాలు?

సారమ్మ కుడిచెయ్యి భుజం కింద జానెడు మాత్రమే ఉంది. బల్ల వెనక కూర్చున్న డాక్టరు తలెత్తి దాని వంక చూడనైనా లేదు. మిల్లు ఇచ్చిన ఉత్తరం చూసి కాగితం మీద గీకేశాడు: "వేళ్లకు గాయం. మూడో తరగతి."

"సామీ, వేళ్లు యాడుండాయి? వేళ్లు ఉండల్లంటే ముందు చెయ్యి ఉండల్ల గదా!"

"ఉత్తరంలో అట్లే ఉంది. పక్కకు జరుగు."

మిల్లుకు పోయే బిడ్డలూ, కాలేజీకి పోయే బిడ్డలూ, ఇద్దరూ చెవి పెట్టండి. అది ఎనభై ఒకటో సంవత్సరం. వికలాంగుల సంవత్సరమని పేరు పెట్టి ఆదోనిలో ఆటల పోటీలు జరిపారు. పోటీలకు పెద్ద ఎవరనుకున్నారు? సారమ్మ చెయ్యిని మింగిన పత్తి మిల్లు సావుకారే! డాక్టరూ ఆ మిల్లు డాక్టరే.

పరుగుకు తరగతులు కట్టారు. మోచేతికి పైన తెగినవాళ్లు మొదటి తరగతి, కింద తెగినవాళ్లు రెండు, వేళ్లే పోయినవాళ్లు మూడు. కాళ్లకూ అట్లే. సమానులతో సమానులు పరుగెత్తాలని. పద్ధతి మంచిదే, కానీ మోచేతికి పైన అని రాస్తే, వేళ్లకే గాయమని రాసుకున్న మిల్లు ప్రమాదాల పుస్తకం అబద్ధమైపోతుంది. వేళ్లే కదా అంటూ నాలుగేళ్లుగా గింజలు తీసే మిషనుకు సావుకారి చెయ్యి పడకుండా ఇనుప జాలీ బిగించలేదు. ఆ మిషను ముందు ఇప్పుడు నిలబడుతున్నది సారమ్మ కూతురు సంతోషమ్మ.

సారమ్మకు పతకమెందుకు, పొయ్యిలోకా? నిజం ఒక్కటి కాగితమెక్కాలి. అదీ సావుకారి మనిషి చేత్తోనే ఎక్కాలి. నాలుగేళ్లుగా ఆమె కడుపులో పగ కుంపటిలా రగులుతోంది.

వరుసలో ఆమె వెనకే సుంకప్ప, చంకలో కర్ర. అదే మిల్లులో పత్తి బేళ్లు కట్టే ప్రెస్సు అతని పాదాన్ని నుగ్గు చేసింది. అతనికి రాసింది "కాలి వేళ్లకు గాయం."

ఆ వెనక ఎమ్మిగనూరు దర్జీ హుసేనప్ప, పోలియో కాలు, మెడలో టేపు. పకపకా నవ్వాడు. "మీ మిల్లు మిషను వేళ్లే ఏరుకోని తింటాదా ఏందప్పా, మురుకుల మాదిరి?"

"పోనీలేక్కా," అన్నాడు సుంకప్ప. "పరుగెత్తి పోదాం. సావుకారితో మనకు యాల?"

"నీ పాదం తిన్నోడే నీ మెడలో పతకమేస్తాడంట. వొంగుతావా?" అంది సారమ్మ.

సుంకప్ప రొమ్ము మీది నంబరు గుడ్డను పీకి పారేసి, పరుగు మొదలయ్యే సున్నం గీత మీద కూలబడ్డాడు. అతని పక్కన సారమ్మ. ఆమె పక్కన హుసేనప్ప. చూస్తుండగానే గీత పొడవునా నలభై మంది కూర్చున్నారు. విజిల్ మోగింది, ఎవరూ లేవలేదు.

వేదిక మీద కర్నూలు నుంచి వచ్చిన అధికారి గడియారం చూసుకుంటున్నాడు. సావుకారి దిగి వచ్చాడు.

"ఏందే ఇది? కూడు పెట్టినోని పరువు తీస్తారా?"

"కొలిస్తే లేస్తాం సావుకారీ," అన్నాడు హుసేనప్ప. "ఎంత పోయిందో తెలియల్లంటే నిండు చెయ్యి ఒకటి కావల్ల. యవరిది కొలుద్దాం?"

"సావుకారిదే!" మైదానం గర్జించింది.

సావుకారి వెనక్కి తిరిగేలోపే సారమ్మ లేచి, ఎడమచేత్తో అతని మణికట్టు పట్టుకుంది. చెయ్యి పోయాక నాలుగేళ్లు ఉప్పు బస్తాలు మోసిన పట్టు అది. హుసేనప్ప టేపు చాచాడు.

"సావుకారికి ఇరవై తొమ్మిది! సారమ్మకు తొమ్మిది!" జనం ఒక్కో అంకెనూ తిరిగి అరిచారు. "మిగిలిన ఇరవై అంగుళాలూ వేళ్లేనా డాక్టరూ?"

అధికారి డాక్టరు వంక చూశాడు. డాక్టరు కలం తీసి తిరగరాశాడు. హుసేనప్ప పైకి చదివాడు: "మోచేతికి పైన. మిషనులో తెగింది. మొదటి తరగతి."

సారమ్మ అప్పటికీ చెయ్యి వదల్లేదు. సావుకారి గుంజుకుంటున్నాడు. ఆ గుంజులాట ఆమెకు పాయసం తిన్నట్టుంది.

"నాకు నీ పందెం వద్దు. మిల్లుకు పోతాండా."

కర్రలు, కాళ్లు, చక్రాల బండ్లు, అన్నీ రోడ్డెక్కాయి. మిల్లు గేటు ముందు సారమ్మ డాక్టరు రాసిన కాగితాన్ని పైకెత్తింది. రెండు గంటల షిఫ్టు వాళ్లు చుట్టూ మూగారు. పోలీసు వ్యాను వచ్చి ఆగింది.

"ఎక్కండి అందరూ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వ్యాను మెట్టు నడుమెత్తు ఉంది.

"మీరే ఎక్కించల్లప్పా," సుంకప్ప చేతులు చాచాడు. "తరగతి సూసుకోని ఎత్తండి."

పోలీసులు ఒకరి తర్వాత ఒకరిని ఎత్తుతూనే ఉన్నారు. చొక్కాలు తడిసిపోయాయి. నలభయ్యో మనిషి సారమ్మ. ఆమెను ఎత్తేసరికి షిఫ్టు కూత కూసింది.

లోపలికి ఒక్క అడుగూ పడలేదు. సంతోషమ్మ గేటుకు వీపు ఆనించి నిలబడింది.

"జాలీ బిగించేదంకా మిషను తిరగదు. మమ్మల్నీ ఎత్తుకోపోండి!"

ఇన్‌స్పెక్టరు లెక్కపెట్టాడు. ఆమె చుట్టూ మూడు వందల మంది. వ్యాను ఒక్కటే.