మామంద్ ఆగా ఇచ్చిన మాట

తొంభై ఒకటి మార్చిలో ఇరాన్ సరిహద్దు దగ్గరి రానియా ఊరు బాగ్దాద్ ప్రభుత్వం మీద తిరగబడ్డ రోజు, ఆ వైపు దొర మామంద్ ఆగాను జనం భుజాల మీద మోశారు. మా పిన్ని గెలావేజ్ ఆ ఊరేగింపుకు ఎదురుగా నిలబడి చూసింది. చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మూడేళ్ళ కింద మా ఊరి మీదికి సైన్యాన్ని తీసుకొచ్చింది ఆ మామంద్ ఆగానే. అంతకుముందు సంగతి కూడా చెప్పాలి. డెబ్భైల్లో అతనూ మా బాబాయి ఖిడిర్ ఒకే కొండ మీద బాగ్దాద్‌తో పోరాడారు. మా ఇంట్లో ఒకే పళ్ళెంలో తినేవారు. అప్పట్లో ఇరాన్ రాజు మాకు ఫిరంగులిచ్చేవాడు. అతని వెనక అమెరికా ఉండేది. ఒకరోజు ఆ రాజు, సరిహద్దు నదిలో తనకు కావలసిన వాటా దక్కగానే బాగ్దాద్‌తో చెయ్యి కలిపాడు. ఫిరంగులు సరిహద్దు దాటి వెనక్కి వెళ్ళిపోయాయి. అమెరికా మొహం తిప్పుకుంది. బాబాయి తుపాకీని బండకేసి బాది ఇంటికొచ్చి గొర్రెలు కాచుకున్నాడు. మామంద్ ఆగా మాత్రం బాగ్దాద్ జీతానికి కుదిరి, కొన్నాళ్ళకు పెద్ద దండుకే నాయకుడయ్యాడు. అలాంటివాళ్ళను మేం జాష్ అంటాం. గాడిదపిల్ల అని అర్థం.

ఎనభై ఎనిమిదిలో బాగ్దాద్ సైన్యం పక్క లోయలో విషవాయువు వదిలింది. మేమంతా గుహల్లోకి పారిపోయాం. తిండి అయిపోయింది. అప్పుడు మామంద్ ఆగా కొండ కింద నిలబడి మైకులో పిలిచాడు.

"ఖిడిర్! వదినా! మీ చేతి రొట్టె తిన్నవాణ్ణి. కిందికి రండి. ప్రభుత్వం క్షమించింది. నా మాట నమ్మండి!"

బాబాయి కదల్లేదు. పిన్నే నచ్చజెప్పింది. "పిల్లాడి మొహం చూడు, ఆకలికి ఎలా పీక్కుపోయిందో. పిలిచేది మనవాడే కదా, దిగుదాం" అంది.

దిగాం. కింద మగవాళ్ళను వేరుచేసి లారీలెక్కించారు. బాబాయి, పిన్ని పదహారేళ్ళ కొడుకు రేబార్, మా నాన్న, మా అన్న. ఒక్కరూ తిరిగి రాలేదు. ఆడవాళ్ళను కంచె లోపల పడేశారు. అమ్మ అక్కడే జ్వరంతో పోయింది. వదిలిపెట్టేసరికి పిన్నీ నేనూ మిగిలాం.

ఇప్పుడు, తొంభై ఒకటిలో, అమెరికా రేడియోలో బాగ్దాద్ మీద తిరగబడమంటోంది. మావాళ్ళకు తుపాకులు కావాలి, జాష్‌ల దగ్గర తుపాకులున్నాయి. అందుకని మావాళ్ళ ఉద్యమం జాష్‌లందరినీ క్షమించేసింది. నిన్నటి గాడిదపిల్లలు ఒక్క పూటలో వీరులైపోయారు.

పిన్ని నన్ను వెంటబెట్టుకుని తిన్నగా మావాళ్ళు మకాం వేసిన బడి దగ్గరికి వెళ్ళింది. మావాళ్ళ కమాండర్ పక్కనే కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు మామంద్ ఆగా.

"ఆగా, రేబార్ ఎక్కడ?"

"వదినా, గడిచిపోయినవి తవ్వుకుంటే ఏమొస్తుంది? నన్ను కూడా బలవంతంగానే..."

"రేబార్ ఎక్కడని అడిగాను."

కమాండర్ లేచి అడ్డం వచ్చాడు. "అత్తా, ఈ సమయంలో మనలో మనకు గొడవలొద్దు. వీళ్ళను ఉద్యమం క్షమించింది."

"మీ ఉద్యమం వాణ్ణి కన్నదా? పాలిచ్చి పెంచిందా? క్షమించడానికి అదెవరు?"

మామంద్ ఆగా నవ్వాడు. "పాపం, మతి చెదిరింది. బయటికి తీసుకెళ్ళమ్మా" అని నాతో అన్నాడు.

ఆ సంబరం నెల తిరక్కుండానే ముగిసింది. బాగ్దాద్ హెలికాప్టర్లు వచ్చాయి. వాటికి పైన అమెరికా విమానాలు చక్కర్లు కొడుతూనే ఉన్నాయి, ఒక్క గుండూ పేల్చలేదు. తిరగబడమన్నవాళ్ళే పైనుంచి చూస్తూ ఊరుకున్నారు. ఊళ్ళకు ఊళ్ళు ఇరాన్ సరిహద్దు వైపు నడిచాయి. వాన, మంచు, మోకాలి లోతు బురద. చచ్చిపోయిన పసిబిడ్డలను దారి పక్కనే రాళ్ళ కింద పెట్టి నడిచేవాళ్ళు తల్లులు.

సరిహద్దు గేటు దగ్గర చిరుగుల కోటు వేసుకున్న ఒక మనిషి పిన్ని పక్కకు జరిగాడు. తలపాగా లేదు, మీసాలు గొరిగేసుకున్నాడు. గొంతు విన్నాకే పోల్చుకున్నాను.

"వదినా, ఆడవాళ్ళున్న కుటుంబాలనే లోపలికి వదులుతున్నారు. నేను ఖిడిర్‌నని చెప్పు. యుద్ధంలో బాగ్దాద్ తరఫున ఈ ఇరాన్ వాళ్ళమీద కూడా పోరాడాను, తెలిస్తే ఉరి తీస్తారు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

పిన్ని అతన్ని తేరిపార చూసింది.

"దానికేం ఆగా, నా వెనకే రా. నా మాట నమ్ము."

అతను నమ్మాడు. గొర్రెలా ఆమె వెనకే నడిచాడు. గేటు దగ్గరికి రాగానే పిన్ని అతని కాలరు పట్టి ముందుకు లాగింది. "వీడు మామంద్ ఆగా! బాగ్దాద్ జాష్! మీ పిల్లల్ని చంపినవాడు!" అని అరిచింది. కాపలావాళ్ళు అతని చేతులు వెనక్కి విరిచి కట్టారు.

"ఎలా ఉంది ఆగా, మాట నమ్మితే?" అని అడిగింది పిన్ని.

ఆ సాయంత్రం గుడారంలో పిన్ని రొట్టె మొత్తం తింది. మూడేళ్ళలో ఆమె అలా తినడం నేను చూడలేదు.

శీతాకాలం రాకముందే మేం రానియాకు తిరిగొచ్చాం. బాగ్దాద్ సైన్యం కొండలు వదిలి వెళ్ళిపోయింది. మా వెనకే కొత్త జీపులో మామంద్ ఆగా వచ్చాడు. మీసాలు మళ్ళీ పెంచాడు. ఇరాన్ వాళ్ళు అతన్ని ఉరి తియ్యలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, మాకెందుకు పనికొస్తావని అడిగారట. ఇప్పుడు ఇక్కడ వాళ్ళ మనిషి అతనే. మా కమాండర్ రోడ్డు మీదికి ఎదురెళ్ళి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నాడు.

ఆ రాత్రి పొయ్యి ముందు కూర్చున్నాక పిన్ని అంది: "తప్పు చేశాను పర్షంగ్. నా పగను తీసుకెళ్ళి ఒక దేశం చేతిలో పెట్టాను. దేశాలకు పగలుండవు, అవసరాలుంటాయి."

వసంతంలో మామంద్ ఆగా తల్లి చనిపోయింది. అతని దివాణంలో పరామర్శకు ఊరంతా కదిలింది. పిన్ని నల్లబట్టలు కట్టుకుని బయల్దేరింది. శాలువా కింద ఏముందో నాకు తెలుసు. ఆమెను ఆపలేదు నేను. వెనకే వెళ్ళాను.

"అమ్మా, ఆడవాళ్ళు అటువైపు" అన్నాడెవరో. పిన్ని వినిపించుకోకుండా మగవాళ్ళ మధ్యలోకి నడిచింది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకీ లేచి నిలబడాలి కాబట్టి మామంద్ ఆగా లేచి నిలబడ్డాడు. పిన్ని పిస్తోలు అతని ఛాతీకి ఆనించింది. ఎవరూ కదల్లేదు.

"లారీలు ఎటు వెళ్ళాయి?"

"దేవుడి మీద ఒట్టు వదినా, తెలీదు. దక్షిణాన ఎడారికని విన్నాను. నేను సైన్యానికి అప్పజెప్పానంతే."

"నా కొడుకు నీతో ఏమన్నా అన్నాడా?"

"నీళ్ళడిగాడు."

"ఇచ్చావా?"

మామంద్ ఆగా చూపు తిప్పుకున్నాడు. పిన్ని కాల్చింది. అతను పడ్డాక కూడా, గుళ్ళు అయిపోయేదాకా కాల్చింది. తరవాత పిస్తోలు కింద పెట్టి, పరామర్శకు వచ్చినవాళ్ళ మధ్యే చతికిలబడి కూర్చుంది.

ఆమెను జైల్లో పెట్టారు. వారం తిరక్కుండా మామంద్ ఆగా కొడుకులు తుపాకులతో మా గుమ్మంలోకి వచ్చారు.

"మీ ఇంట్లో మగవాణ్ణి బయటికి పంపించు" అన్నాడు పెద్దవాడు. మా కట్టుబాటు ప్రకారం రక్తానికి రక్తం మగవాడి నుంచే తీసుకోవాలి, ఆడదాన్ని చంపితే తలెత్తుకు తిరగలేరు.

"ఎవరూ లేరు. మీ నాన్నే లారీ ఎక్కించాడు. వెళ్ళి ఆయన్నే అడగండి" అన్నాను.

చిన్నవాడు కోపం పట్టలేక మా గోడమీద కాల్చాడు. తరవాత ఇద్దరూ వెళ్ళిపోయారు.

రెండేళ్ళకు మావాళ్ళలో మావాళ్ళకే యుద్ధం మొదలైంది. ఒక పార్టీ వెనక టెహ్రాన్, ఇంకో పార్టీ కొన్నాళ్ళకు ఏకంగా బాగ్దాద్‌నే సాయానికి పిలిచింది. మామంద్ ఆగా కొడుకులు ఒక పక్క చేరారు కాబట్టి, రెండోపక్కవాళ్ళు జైలు తలుపు తీసి పిన్నిని విడిపించారు. మర్నాడే బియ్యం బస్తాతో ఇంటికొచ్చారు.

"అత్తా, మా సభలో వేదిక మీద నిలబడు చాలు. నువ్వు మా వీరవనితవి" అన్నాడు వాళ్ళ నాయకుడు.

"నేను చంపింది నా కొడుకు కోసం. మీ జెండా కోసం కాదు. బస్తా తీసుకుని నడు" అంది పిన్ని.

అతను ఇంకా ఏదో నచ్చజెప్పబోయాడు. పిన్ని బస్తాను గుమ్మం దాకా ఈడ్చి మెట్ల మీంచి తన్నింది. మూతి కుట్లు తెగి బియ్యం వీధంతా చిమ్మింది. ఆమె తలుపు గడియ పెట్టుకుని, పిండి కలపడానికి నన్ను నీళ్ళు తెమ్మంది.