అరకుకు ఫ్యామిలీ పాస్

కల్పలత పులిహోర కలుపుతుండగా, రైల్వేలో పనిచేసే భర్త కిషన్ ఆ మాటన్నాడు.

"నువ్వొక్కదానివెందుకు కల్పా, అందరం పోదాం. నాకు రైల్వే పాస్ ఉంది గద!"

ఆమె చెయ్యి గిన్నెలో ఆగింది. రెజిమెంటల్ బజార్‌లోని ఒక బడిలో ఆమె భూగోళం టీచరు. ఈసారి ఎనిమిదో తరగతి పిల్లలను అరకు తీసుకువెళ్లే పని హెడ్మిస్ట్రెస్ ప్రిసిల్లా మేడమ్ ఆమెకు అప్పగించారు. పెళ్లయ్యాక ఇంటివాళ్లు లేకుండా ఆమె వెళ్లబోయే మొదటి ఊరు అది.

అరకు ఆమెకు పాఠంలో తెలుసు. కొండవాలున సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకే మిరియాల తీగ. మెట్లు మెట్లుగా వరి మళ్లు. అడవి నుంచి చింతపండు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు, కొండచీపుళ్లు. వారానికొక సంత. పుస్తకంలో 'జీవనోపాధులు' అన్నచోట ఒక మగమనిషి నాగలి పట్టుకుని ఉంటాడు. కాఫీ పండ్లు కోసేదెవరు, ఆకులు కుట్టేదెవరు, సంతకు మోసేదెవరు అని ఆమె ఏటా పిల్లలను అడుగుతుంది. మొన్న హదస్సా అనే పిల్ల లేచి, "మీరు చూసిండ్రా మేడమ్?" అంది. "పోయి చూద్దాం" అంది కల్పలత.

పాస్ ప్రయాణాలు ఆమెకు కొత్త కాదు. ఆ ఇంట్లో పాస్ అంటే బియ్యం, పప్పు, కారప్పొడి, కరెంటు కుక్కరు, అత్తగారు లచ్చమ్మకు జొన్నపిండి. బయట తింటే కడుపు పాడవుతుందని కిషన్ నమ్మకం. పాస్ మీద వెళ్లిన పూరీలో సముద్రం ఏ దిక్కున కనిపించిందంటే ఈ భూగోళం టీచరు తడుముకోవాలి. అక్కడి హాలిడే హోమ్ వంటగదిలో నల్లా ఏ మూలనుందో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలదు. "వదినా, నీ చేతి కూర తింటుంటే పూరీ సుత మన బోయిగూడ లెక్కనే ఉంది" అన్నాడు మరిది. మెచ్చుకున్నాడనుకుని నవ్వింది. తిరుగు రైల్లో ఆలోచిస్తే, తాను నిజంగానే బోయిగూడలోని ఇల్లు దాటలేదని అర్థమైంది.

"పగలు పిల్లల్ని తిప్పు, పొద్దుగూకంగనే మా రూముకు రా. ఏం పరేషాన్ లేదు, రెండు పనులు ఒక్కపారే అయితయి" అంటున్నాడు కిషన్ హుషారుగా.

"అక్కడ జొన్నరొట్టె దొరుకుతదారా?" అడిగింది లచ్చమ్మ.

"పిండి పట్టుకపోదమమ్మా. కల్ప ఉంది గద!"

కల్పలత చెయ్యి కడుక్కుని వచ్చింది.

"మీరు తప్పకుండ పోవాలె. నేను పిల్లలతోని పోయొచ్చినంక, ఆ పై వారం పోండ్రి. మేడమ్ నాకు ఒక్క పనే ఇచ్చింది. రెండోది నేను మోసుకపోను."

కిషన్ నోరు తెరిచాడు. "మరి మాకు వంట?"

"సంతల వేడివేడిగ వండి అమ్ముతరు."

"నాకు కడుపు తక్లీఫ్ అయితే?"

"కుక్కరు పట్టుకపోండ్రి. మీరే వండుకోండ్రి."

లచ్చమ్మ పకపకా నవ్వింది. "వీడా! కుక్కరు బటన్ ఏడ ఉంటదో సుత తెల్వదు వీనికి. నా రొట్టె నేను చేసుకుంట గానీ..." నవ్వాపి కోడలి వైపు చూసింది. "మరి మేం పోయినప్పుడు నువ్వొక్కదానివి ఇంట్ల ఏం జేస్తవే?"

ఆ సంగతి కల్పలతకు అప్పటిదాకా తట్టలేదు. ఖాళీ ఇల్లు. ఆమె చూడని ప్రాంతాల్లో అదీ ఒకటి.

"బడికి పోయొస్త అత్తమ్మా" అంది. "ఇంటికొచ్చినంక ఏ పనీ జెయ్య."